స్మార్ట్ పెన్ను వినని మాట

తెలంగాణ వచ్చిన మూడో ఏడు ఎండాకాలంలో నన్ను ఒక శాఖాపరమైన విచారణకు విచారణాధికారిగా వేశారు. అప్పుడు నేను నల్గొండలో ఒక జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటును. చిట్యాల అవతల ఒక బాలికల వసతి గృహంలో లింగమ్మ అనే వంటమనిషి మీద ఆరోపణ. తనిఖీ అధికారి మధ్యాహ్నం వెళ్ళేసరికి ఆమె లేదు. పిల్లలే అన్నం వారుస్తున్నారు, ఒక పిల్ల చేయి గంజి పడి కాలింది. లింగమ్మ తాత్కాలిక ఉద్యోగి కనుక ఆరోపణ రుజువైతే పని పోయినట్టే.

అదే నెలలో పై కార్యాలయం వారు ప్రయోగంగా నాకొక స్మార్ట్ పెన్ను ఇచ్చారు. దానికి ప్రత్యేకమైన నోటుపుస్తకం ఉంటుంది, కాగితం నిండా కంటికి ఆనని చుక్కలు. పేజీ అడుగున ఉన్న గుర్తు మీద పెన్ను ఆనిస్తే రికార్డు మొదలవుతుంది. తర్వాత రాసిన ఏ మాట మీద మొన పెట్టినా, ఆ మాట రాసినప్పటి నుంచి గదిలో వినబడింది మళ్ళీ వినిపిస్తుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వారం రోజులు ఆఫీసులో అందరికీ వాళ్ళ గొంతులే వినిపించి విసిగించాను.

వాంగ్మూలం తీసుకోవడంలో మావాళ్ళకొక అలవాటుంది. పెన్నుకు మూత పెట్టి, మనిషి చెప్పేదంతా ముందు వింటాం. అందులో ఆరోపణకు సంబంధించింది ఏరి, ఆఫీసు భాషలో రాసి, చదివి వినిపించి, ఒప్పుకుంటే సంతకమో వేలిముద్రో తీసుకుంటాం. ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే చేశాను. ఆ రోజూ అలాగే చేశాను.

లింగమ్మ అరగంట చెప్పింది. వార్డెన్ ఇంట్లో ఏదో ఫంక్షనట, వంటకు ఈమెనే పంపిందట.

"నేను పోనన్న సారు. పిల్లలకు ఎవలు వండుతరు అన్న. గదంత నేను చూస్కుంట, నువ్వు నడువు అన్నది మేడం. పోకుంటే ఊకుంటదా?"

నిజమే చెబుతోందని నాకు నమ్మకం కుదిరింది. అప్పుడు మూత తీసి, గుర్తు మీద పెన్ను ఆనించి, రాయడం మొదలుపెట్టాను. ఆరోపణ పత్రంలో ఉన్నది ఒక్కటే ప్రశ్న, ఆ పూట పనిలో ఉందా లేదా అని. వార్డెన్ సంగతి రాస్తే ఇంకో విచారణ, ఇంకో ఫైలు. నా బల్ల మీద అప్పటికే బోలెడు పెండింగు. 'సదరు దినమున మధ్యాహ్నం నేను విధులకు గైర్హాజరైన మాట వాస్తవం' అని రాసి, చదివి, అవునా అని అడిగాను. అవు సారు అంది. వేలిముద్ర వేసింది. ఆరోపణ రుజువైందని నివేదిక పంపాను. హెచ్చరికతో పోతుందిలే అనుకున్నాను. తీసేశారు.

మేడం పంపిన సంగతి సారుకు చెప్పిన అంటూ ఆమె అప్పీలు పెట్టుకుంది. అప్పీలు విన్న అధికారి నన్ను పెన్నుతో సహా పిలిపించారు. వాంగ్మూలంలో చివరి మాట మీద మొన పెట్టాను. నా గొంతు ఖంగుమని చదివింది, వెనకనే ఆమె గొంతు "అవు సారు" అంది. వార్డెన్ ఊసే లేదు. ఈ రికార్డు నిజమైనదేనా అని అధికారి అడిగారు. నిజమైనదేనండి అన్నాను. అంతకు మించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చెబితే తప్పు నా మెడకు చుట్టుకునేది, రిటైర్మెంటుకు రెండేళ్ళే ఉంది. అప్పీలు కొట్టేశారు. పద్ధతి బాగుందని నన్ను మెచ్చుకున్నారు కూడా. పెన్ను జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

లింగమ్మ వరండాలో నిలబడి ఉంది. ముఖంలో కోపం లేదు.

"సారు, నేను చెప్పింది మీరు విన్నరు గదా?"

"విన్ననమ్మా."

"మరి గా మాట లోపల చెప్పకపోతిరి."

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత పత్తి ఏరడానికి కూలికి పోతోందని విన్నాను.

నేను రిటైరయ్యేదాకా, ఎదుటి మనిషి నోరు విప్పకముందే రికార్డు పెట్టాను, వాళ్ళ మాట వాళ్ళ భాషలోనే రాశాను. దానివల్ల లింగమ్మకు ఒరిగిందేమీ లేదు. కొత్తగా విచారణలు చేసేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. ఒక్క అబద్ధం కూడా రాయకుండా మనిషి పని పోగొట్టవచ్చు. పెన్ను తనకు వినిపించినంత మేరకు సరిగ్గానే దాచింది. మిగతాదానికి సాక్షిని నేనొక్కడినే. అప్పీలు విన్న ఆ గదిలో నేను నోరు తెరవడానికి ఎవరూ అడ్డం రాలేదు.