రాజిరెడ్డి మడిలో నాయకత్వ శిక్షణ

పోయిన ఏడు శ్రావణ మాసం, రెండో ఆదివారం, పొద్దున పదిన్నర. సరిగ్గా ఆ ఘడియకు నేను తొమ్మిదో తరగతి పిల్లలను నాయకులుగా తయారు చేద్దామని బడి గేటు దాటించాను. మధ్యాహ్నానికల్లా వాళ్లను మోకాలిలోతు బురదలో దింపి, నా పరువును కూడా వాళ్ల పక్కనే నాటేశాను. మీరు నవ్వుకోండి. దంతాలపల్లి అంతా నవ్వింది, మీకేం అడ్డం?

సంగతి ఇదీ. భూపాలపల్లిలో పిల్లలకు నాయకత్వ శిబిరం పెడుతున్నారు. మా బడి నుంచి ఒక్కరినే పంపాలి. ముందు ఇక్కడే ఒక రోజు శిక్షణ పెట్టి, ఎవరు తగినవాళ్లో తేల్చాలని హెడ్మాస్టరు సోమయ్య సారు అనుకున్నాడు. ఆ శిక్షణ ఎలా ఉండాలో తయారు చేసే పని నాకు అప్పగించాడు. ఎందుకంటే, మహిళా సంఘం తరఫున జనగామలో ఒక శిక్షణకు పోయి వచ్చినప్పటి నుంచి నేను ఊళ్లో ఎవరినీ ఊపిరి తీసుకోనివ్వలేదు. మాటకు ముందు జనగామ, మాటకు వెనుక జనగామ.

మీతో అయితే నిజం చెబుతాను. ఆ శిక్షణలో నాకు తెలిసింది సగమే. పొద్దున అక్కడి మేడం మాతో ఒక ఆట ఆడించింది. ఒకరు నాయకురాలు, ఆమె ఏం చేస్తే మిగతావాళ్లు అదే చేయాలి. మధ్యాహ్నం గుడ్డు కూరతో అన్నం పెట్టారు. తిని ఫ్యాను కింద కూర్చున్నాను. ఆ తర్వాత మేడం ఏం చెప్పిందో ఆ ఫ్యానుకే తెలియాలి.

అయినా ఆ సగం ఆట నాకు తెగ నచ్చింది. నేను ఒళ్లు వంగినన్నాళ్లూ నాట్ల ముఠాకు పెద్దగా ఉన్నదాన్ని. మా ముఠాలో పద్ధతి ఒక్కటే. పెద్ద వంగితే అందరూ వంగాలి. పెద్ద నడుము ఎత్తేదాకా ఎవరూ ఎత్తకూడదు. యాభై దాటాక దిద్దిన నా అక్షరాలు కూడా ఇప్పటికీ నడుము ఎత్తవు, అది వేరే సంగతి. కాబట్టి శిక్షణ అంతా ఒక్క మాటలో ముగించాను: నా వెనుక నడవాలి, నేను చేసిందే చేయాలి, ప్రశ్నలు అడగకూడదు.

స్రవంతికి అక్కడే చిక్కొచ్చింది. ఆ పిల్ల తల్లి కూలికి పోతుంది. కేసముద్రం దాటి ఊరు చూడని పిల్ల, భూపాలపల్లి పోవాలని వారం నుంచి నిద్రలో కూడా కలవరిస్తోందట. కానీ నోరు ఊరుకోదు.

"అవ్వా, నాయకురాలు తప్పు జేస్తె గూడ మేం గదే చెయ్యాల్నా?" అని గేటు దగ్గరే అడిగింది.

"నాయకురాలు తప్పెందుకు జేస్తదే? నడువు," అన్నాను. మనసులో మాత్రం ఈ పిల్ల పేరును అప్పుడే కొట్టేశాను. భూపాలపల్లికి ఎవరు పోయినా సరే, ఈ పిల్ల మాత్రం పోదు.

బయలుదేరాం. సన్నగా తుంపర పడుతోంది. అది వాన అనడానికి లేదు, మబ్బు కిందికి దిగి చెంపలు నిమిరినట్టుంది. ఊరు దాటగానే మడులన్నీ నీళ్లతో నిండి, ఆకాశమంతా వాటిలో పడుకుని ఉంది. కొంగలు మబ్బు మీద నడుస్తున్నాయో, నీళ్ల మీద నడుస్తున్నాయో తెలియడం లేదు. తడిసిన మట్టి వాసన వచ్చింది. ఆ వాసన నన్ను పట్టుకుని ఎటో తీసుకుపోయింది. నాకు మళ్లీ పద్దెనిమిదేళ్లు వచ్చాయి. కొంగు నడుముకు దోపి ఉంది. పక్కన నా ఈడు ఆడపిల్లలు పాట అందుకుంటున్నారు. చనిపోయిన వాళ్లు కూడా ఆ వరుసలో ఉన్నారు, నవ్వుతూనే ఉన్నారు. మడి చివర ఆకాశం మొదలయ్యే చోటికి మేమంతా పాడుకుంటూ పోతున్నాం.

నేను అక్కడ ఉన్నాను. నా కాళ్లు మాత్రం దంతాలపల్లిలోనే నడుస్తున్నాయి. పిల్లలేమో కేసముద్రం మార్కెట్టు గేటు ముందు ట్రాక్టర్లలా ఒకరి వెనుక ఒకరు వస్తున్నారు. ముందు బండి ఎటు తిరిగితే అటే.

వెనుక నుంచి ఎవరో "అవ్వా" అని పిలిచినట్టు గుర్తు. పాటలో కలిసిపోయింది. గట్టు మీద నారు కట్టలు కనిపించాయి. ఒకటి విప్పాను. వంగాను. అందరూ వంగారు. ఒకటే ఒకటి మరిచాను. నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు. జీవితమంతా వెనక్కి నడిచినదానికి ముందేముందో చూసే అలవాటు ఎక్కడ ఉంటుంది?

మోటారు సైకిలు చప్పుడుకు కల చెదిరింది. నడుము ఎత్తాను. అందరూ ఎత్తారు. ఎదురుగా రాజిరెడ్డి. నేను చిన్నప్పుడు కూలికి వచ్చిన మడి అది. నా కాళ్లు నన్ను అడగకుండా పాత పనిలోకి వచ్చేశాయి.

"ఏం జేస్తున్నవ్ కొమురవ్వా?" అన్నాడు, చాలా మెల్లగా.

"నాయకత్వం, పటేలా," అన్నాను.

"గీ మడి ఇంకా చదును జెయ్యలె. నారు పక్క మడిది. రేపు పొద్దుగాల ట్రాక్టర్ దిగుతది. నువ్వేమో మడంత నాటి పెట్టినవ్."

పిల్లలు నా ముఖం చూశారు. నేను బురద చూశాను. స్రవంతి ఒక్కతే గట్టు మీద నిలబడి ఉంది. పొడి కాళ్లతో.

"నేను మూడుసార్లు పిలిచిన అవ్వా. గిది మన పొలం కాదని జెప్పిన. నువ్వు పాట పాడుకుంట పోయినవ్."

తర్వాత ఆ పిల్ల రాజిరెడ్డి దగ్గరికి నడిచి, నారంతా పీకి, వేర్లు కడిగి, పక్క మడిలో పెడితే సరేనా అని అడిగింది. ఆయన తల ఊపాడు. అప్పుడు మడిలోకి దిగి, పిల్లలను ఎవరికి ఏ పని వచ్చో అడిగింది. పీకేవాళ్లు ఒక వైపు, కడిగేవాళ్లు ఒక వైపు అయ్యారు. నేను కూడా కొంగు దోపి ముందుకు కదిలాను.

"నువ్వు ఒడ్డు మీద కూసో అవ్వా," అంది. "నువ్వు నడిస్తె అందరు మల్ల నీ ఎనుకే వస్తరు."

కూర్చున్నాను. చెప్పినట్టు వినడం నాకు ఆ రోజే వచ్చింది.

సంగతి తెలిసి సోమయ్య సారు పరుగున వచ్చాడు. ఇదేం ఆట నేర్పారని జనగామ మేడంకు ఫోను చేశాడు. ఆమె నవ్వు మా అందరికీ వినిపించింది. ఆట రెండో సగంలో నాయకురాలు కావాలనే తప్పుదారి పట్టాలట. ఎవరు ఆగి అడుగుతారో వాళ్లే గెలిచినట్టట.

సారు నా వైపు కొత్త గౌరవంతో చూశాడు. "అంటె అవ్వా, నువ్వు కావాల్ననే తోల్కొచ్చినవా?"

పోయిన పరువు తిరిగి ఇంటికి వస్తానంటే ఎవరు వద్దంటారు? "గట్లనే అనుకో సారూ," అన్నాను.

"లేదు సార్," అంది స్రవంతి, వేర్లు కడుగుతూనే. "అవ్వ కలల నడిచింది."

భూపాలపల్లికి ఎవరిని పంపాలో ఇక నన్ను అడిగే పని లేకపోయింది. అయినా స్రవంతి పేరు నేనే చెప్పాను. ఆ మాత్రం పెద్దరికం మిగుల్చుకోవాలి కదా.

కాబట్టి నారు కట్ట మీద చెయ్యి వేసి చెబుతున్నాను. ఇక మీదట తుంపర పడే రోజు పిల్లల ముందు నడవను. వెనుక నుంచి పిలిస్తే ఆగుతాను. శిక్షణకు పోతే మధ్యాహ్నం గుడ్డు కూర ముట్టను. ఈ చివరిది మాత్రం కష్టమే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: సోమయ్య సారు, రాజిరెడ్డి, పిల్లల్లో మహేశ్, అఖిల, జోసెఫ్, రజిత, అనిల్, దివ్య, కార్తీక్, మేరీ. అందరికంటే ముందు స్రవంతి. అందరికంటే వెనుక, గట్టు మీద, కాళ్లు ముడుచుకుని, కొమురవ్వను నేను.