జైనాబీ పట్టుకున్న చేతులు

జైనాబీకి మొహాలు గుర్తుండేవి కావు. చేతులు గుర్తుండేవి.

చివరి ఏళ్ళలో కళ్ళమీద పొర పాలమీగడలా కమ్మేసింది. భిలాయి రుఆబాంధాలో వాళ్ళింటి ముందు నులకమంచంమీద కూచుని, ఎవరొచ్చి పలకరించినా ముందు చెయ్యి ఇమ్మనేది. దాన్ని తన అరచేతుల మధ్య పెట్టుకుని, బొటనవేలిని లోపలికి మడిచి, కణుపుల్ని మెల్లగా ఒత్తేది. అలా ఒత్తుతూ ఒత్తుతూ ఎక్కడికో వెళ్ళిపోయి, కాసేపటికి తిరిగొచ్చేది.

"వనజాక్షివి కదేటి? ఇంత లావెక్కిపోనావేటే గుంటా! పెళ్ళికి రెండూ నాలుగు సైజు ఏసేను నీకు. ఇప్పుడు రెండూ ఎనిమిదీ పట్టదు."

"అమ్మమ్మనైపోయేను బూబమ్మా, ఇంకా గుంటనేటి?" అని వనజాక్షి నవ్వేది.

తొంభై దాటిన మనిషి. పగలంతా కలకీ మెలకువకీ మధ్య ఉన్న గట్టుమీద కూచున్నట్టుండేది. సాయంత్రం ఉక్కు ప్లాంటు వైపు కరిగిన ఇనప చిట్టెం పారబోస్తే ఆకాశం ఎర్రబడుతుందే, ఆ వెలుగు ఒక్కటే ఆ కళ్ళకి ఆనేది. ఆ ఎరుపులోంచి చేతులు ఒక్కొక్కటే తేలుతూ వచ్చేవి. పసుపు రాసిన చేతులు, పిండి అంటిన చేతులు, పురిటి గదిలోంచి చాపిన పచ్చి చేతులు. అన్నీ ఆమె గాజులు తొడిగినవే.

పుట్టింది విజయనగరంలో, గాజులమ్ముకునే ఇంట్లో. తల్లి భుజాన గాజుల మలారం వేసుకుని ముందు నడిస్తే, జైనాబీ చిన్న మలారంతో వెనక నడిచేది. వీధి అరుగు దాటి మగవాళ్ళెవరూ పోలేని ఇళ్ళలోకి వీళ్ళు వంటింటి గడప దాకా పోయేవారు. బడిపంతులుగారి భార్య అహల్య ఆ సంగతి కనిపెట్టింది. ఒకరోజు చెయ్యి చాపి కూచుని, "ఒలే జైనా, నేనో మాట చెప్తాను, ఇంటింటికీ చెప్పీగలవా?" అంది. సీమనుంచి వచ్చే విదేశీ గాజులు కొనొద్దనీ, రాట్నం నేర్చుకోమనీ, ఫలానా సాయంత్రం ఫలానా వాళ్ళ పెరట్లో ఆడవాళ్ళందరూ కలవాలనీ. ఇలాంటి మాటలు. జైనాబీ అన్నీ మోసింది. గాజులేసేటప్పుడు ఎంతటి ఇల్లాలూ చెయ్యి వెనక్కి లాక్కోలేదు కదా. చెప్పింది చివరిదాకా వినాల్సిందే.

తండ్రికి తెలిసి తిట్టాడు. "నువ్వు గాజులమ్ముతన్నావా, గాంధీని అమ్ముతన్నావా?"

"గాజులే బాబూ. మాట ఊరికే ఇస్తన్నాను."

క్విట్టిండియా నాటి ఆగస్టులో ఆడవాళ్ళు ఊరేగింపు తీశారు. జైనాబీ మలారంతోనే నడిచింది. అందరితోపాటు ఆమెనీ పోలీసులు పట్టుకుపోయారు.

జైల్లో మొదటి రోజే గాజుల దగ్గర వచ్చింది పేచీ. గాజు ముక్కలతో చేతులు కోసుకుంటారట, అందుకని అన్నీ తీసెయ్యాలట. వాళ్ళ మొగుళ్ళు వేరే జైళ్ళలో బతికే ఉన్నారు. బతికున్న మొగుడికి గాజులు పగలగొట్టించుకుంటుందా ఏ ఆడదైనా? ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు జైలు దొర దుబాసీని వెంటబెట్టుకుని జైనాబీ దగ్గరికొచ్చాడు. చాలా తియ్యగా మాట్లాడాడు. నువ్వు గాజులమ్మాయివట కదా, పగలకుండా తీసే పని నీకు తెలుసు కదా, ఎవరికీ దెబ్బ తగలదు, తీసెయ్యి, రేపే ఇంటికి పంపేస్తాను అన్నాడు.

జైనాబీ, తనతోపాటే పట్టుబడిన అహల్య చెయ్యి పట్టుకుంది. ఎక్కడ ఒత్తితే ఏ కణుపు జారుతుందో ఆ వేళ్ళకి తెలుసు. కానీ అహల్య పిడికిలి బిగించుకుని ఉంది.

"ఆవిడ చెయ్యి ముడిచింది. నేను తియ్యలేను," అని చెప్పింది దుబాసీకి.

దాన్ని గెలుపని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. వార్డరమ్మలు గరిటె కాడతో కొట్టి మరీ పగలగొట్టారు. ముక్కలన్నీ జైనాబీ చేతే ఏరించారు. మిగతావాళ్ళు విడుదలై వెళ్ళిపోయాక కూడా కొన్నాళ్ళు ఆమెనే ఉంచేశారు. ముసలితనంలో ఆ రోజు తరచు కలలోకి వచ్చేది. పచ్చా ఎరుపూ నీలం ముక్కలు నేలంతా మెరుస్తుంటే, వాటిమీద అడుగులేస్తూ ఎవరి కోసమో వెతికేది. కాళ్ళు తెగేవి కావట. అదే భయంగా ఉండేదట.

తరవాత ఫకీర్‌సాహెబ్‌తో పెళ్ళయింది. కోక్ ఓవెన్లకి కొలిమి ఇటుకలు పేర్చే మేస్త్రీ. భిలాయి ఉక్కు కర్మాగారం లేస్తున్న రోజుల్లో పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. జైనాబీ మళ్ళీ మలారం భుజానేసుకుని సెక్టార్లన్నీ తిరిగింది. శ్రావణమాసం వస్తే తెలుగిళ్ళలో చెయ్యి ఖాళీ ఉండేది కాదు. ఫకీర్‌సాహెబ్ పోయినప్పుడు తన గాజులు తనే తీసుకుంది. ఎవరు చెప్పినా వినలేదు, ఎవరినీ అడగలేదు. తనకి తియ్యాలనిపించిన నాడు కుళాయి దగ్గర కూచుని, సబ్బు రాసుకుని, ఒక్కొక్కటే జార్చింది.

పక్కింటి అనిల్ చిన్నప్పుడు హిందీ కలిపి అడిగేవాడు. "నానీ, సచ్చీ మీరు అంగ్రేజులతో లడాయి చేశారా?"

"లడాయేటిరా! తియ్యనన్నాను, అంతే."

"బస్, ఇత్నా హీ?"

"అంతే మరి. నీకు కత్తులు కావాలేటి?"

ఆ అనిల్ తండ్రి కృష్ణమోహన్, కరోనాకి ముందటేడు చలికాలంలో పోయాడు. బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు చెడి ఏడాదిపాటు మంచంమీదే ఉన్నాడు. భార్య సత్యలక్ష్మి చేతులకి ఆ దీపావళికి వేసిన ఆకుపచ్చ గాజులు అలాగే ఉన్నాయి. వేసింది జైనాబీయే. అప్పటికే చూపు లేదు, ఐనా వేళ్ళకి పని మరుపు రాలేదు.

పదోరోజు వాటిని తియ్యాలి. అందుకు కృష్ణమోహన్ అక్క కన్నమ్మ విజయనగరం వైపు నుంచి రైల్లో వచ్చి దుర్గ్‌లో దిగింది. ముందునాటి సాయంత్రం అనిల్‌ని తీసుకుని జైనాబీ మంచం దగ్గరికి వచ్చి కూచుంది.

"బూబమ్మా, నాకైతే రాయెట్టి కొట్టీసినారు. ముక్క దిగిపోయి ఒకటే నెత్తురు. మా మరదలికి అలగ అవకూడదు. నీ సెయ్యి మెత్తనంట కదా. సబ్బునీళ్ళెట్టి మెల్లగ తీసీ. పగలకుండా, నొప్పెట్టకుండా. నీకు పున్నెముంటాది."

మంచి మనసుతోనే అడిగింది. కానీ జైనాబీకి ఆ మాటల వెనక ఇంకో గొంతు వినిపించింది. అదీ ఇంత తియ్యగానే ఉండేది.

"ఆవిడ సెయ్యి ముడిసింది దొరా," అంది.

కన్నమ్మ బిత్తరపోయి అనిల్ వైపు చూసింది.

"నానీ సప్నాలో ఉన్నారు అత్తా," అన్నాడు అనిల్. "సుబహ్ నేను తీసుకొస్తాలే."

పొద్దున్నే అతనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చాపమీద కూచోబెట్టాడు. చుట్టూ ఆడవాళ్ళు. గిన్నెలో సబ్బునీళ్ళు. సత్యలక్ష్మి చేతిని ఎవరో తీసుకొచ్చి జైనాబీ ఒళ్ళో పెట్టారు.

జైనాబీ ఆ చేతిని పట్టుకుంది. అది ముడుచుకుని లేదు. తెరిచీ లేదు. చల్లగా, ఎవరిదో పారేసుకున్న వస్తువులా ఉంది. పిడికిలైతే ఏదో ఒకటి చెప్పేది. ఇంతకాలంలో ఇలాంటి చెయ్యి ఆమె వేళ్ళకి తగల్లేదు. కణుపులు ఒత్తింది. ఏమీ తెలియలేదు. మళ్ళీ ఒత్తింది. లాగితే మూడు నిమిషాల్లో అన్నీ వచ్చేస్తాయి. ఈ చెయ్యి అడ్డు చెప్పదు.

"సత్తెమ్మా," అంది. "తియ్యమంటావేటమ్మా?"

"దాన్నడగడమేటి బూబమ్మా!" అంది కన్నమ్మ. "తియ్యాల్సిన ఏల దాటిపోతంది."

జైనాబీ ఆ గొంతు వైపు తిరగలేదు. ఇది ఏ ఊరో, ఏ కాలమో కూడా ఆమెకి ఆ క్షణాన సరిగా తెలియదేమో. చుట్టూ రంగురంగుల ముక్కలు మెరుస్తున్నాయి. వాటి మధ్య ఈ చెయ్యి ఒక్కటి ఇంకా పగలకుండా ఉంది.

"తియ్యమంటావా, ఉంచమంటావా? నువ్వు సెప్పు తల్లీ. నువ్వు సెప్పినట్టు సేస్తాను."

ప్లాంటు సైరన్ మోగి ఆగింది. అప్పుడు ఆ చేతిలో చిన్న కదలిక వచ్చింది. గాజులు గలగలమన్నాయి.

"ఈ సప్పుడు ఇని నిద్దరోయేవోరు బూబమ్మా," అంది సత్యలక్ష్మి. "ఒంటింట్లోంచి ఇనిపించకపోతే లేసి పిలిసేవోరు, సత్తీ, ఎక్కడున్నావు అని. ఇల్లంతా సప్పుడు పోయింది. ఇదొక్కటే ఉంది. నాకు... ఇప్పుడొద్దు."

"ఒద్దా?"

"ఒద్దు. తరవాత నేనే తీసుకుంటాను."

"అలగే," అంది జైనాబీ. గిన్నెని చేత్తో తడిమి పక్కకి నెట్టేసింది.

కన్నమ్మ లేచి నిలబడింది. "లోకమేటంటాది? ఊరెల్లి నేనేటి సెప్పను? మా తమ్ముడికి జరగాల్సింది జరగొద్దా?" అని గట్టిగానే అరిచింది. ఆమెతోపాటు ఇంకెవరూ లేవలేదు. వాళ్ళందరి చేతులూ ఒకనాడు ఆ ముసలామె ఒళ్ళో పెట్టినవే. అనిల్ తలుపు దగ్గర నిలబడి తల్లిని చూస్తున్నాడు.

అరుస్తూ అరుస్తూనే కన్నమ్మ ఏడ్చేస్తూ చాపమీద కూలబడింది.

"మరి నన్నెవులడిగేరే సత్తీ?" అంది. "ఇరవయ్యేళ్ళు నిండలేదు నాకు. ఒక్కలైనా అడిగేరా?"

సత్యలక్ష్మి ఆమె భుజంమీద చెయ్యి వేసింది. జైనాబీ ఆ ఏడుపు వినిపిస్తున్న వైపు గాల్లో వెతికింది. వెతగ్గా వెతగ్గా కన్నమ్మ చెయ్యి దొరికింది. ఎముకలు తేలిన బోడి చెయ్యి. మణికట్టు దగ్గర పాత గాటు ఒకటి వేలికి తగిలింది. దానిమీద వేలు కాసేపు ఆగింది. అప్పుడు ఆ చేతిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, బొటనవేలిని లోపలికి మడిచి, కణుపులు ఒక్కొక్కటే ఒత్తడం మొదలుపెట్టింది, గాజులు తొడగబోయే ముందు మెత్తబరిచినట్టు. తొడగడానికి ఆమె దగ్గర ఏమీ లేవు.

కన్నమ్మ చెయ్యి లాక్కోలేదు.