సుధాకర్ పాట గురించి నేను చెప్పిన అబద్ధం

ముప్పై ఏళ్లుగా నా లోపల ఒక అబద్ధం ఉంది. చిన్నదే. "అవునండి" అన్న ఒక్క మాట. అది అన్న రోజు ఇంటికొచ్చి అన్నం తిన్నాను, నిద్ర కూడా పట్టింది. బరువు తర్వాత మొదలైంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ఆగిరిపల్లి దగ్గర ఒక ఊళ్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా చర్చిలో హార్మోనియం నాదే. సంగీతం కొద్దిగా వచ్చు. ఆ కొద్దికే పాటల విషయంలో ఊరు నన్ను పెద్దమనిషిని చేసింది. ఏది మంచి పాటో, ఏది చెత్తో నేను చెబితే అదే లెక్క. డిస్కో పాటలంటే మండిపడేవాణ్ణి. "డబ్బాలో గులకరాళ్లేసి ఊపితే ఇంతకంటే నయం" అని క్లాసులో పిల్లల్ని నవ్వించేవాణ్ణి.

సుధాకర్ మామిడి నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టేవాడు. అది అతని అసలు పేరు కాదు. నాకంటే పదేళ్లు చిన్న. గిటార్ తనంతట తనే నేర్చుకుని, ఆదివారం నా పక్కన నిలబడి వాయించేవాడు. అతని దగ్గర సంచీడు క్యాసెట్లు ఉండేవి. తెలుగు డిస్కోలు, ఇంగ్లీషు పాప్, రాక్. అన్నీ నేను చెత్త అనే పాటలే. కోతల రోజుల్లో నర్సరీ పక్క మామిడి తోటలో టేప్‌రికార్డర్ పెట్టేవాడు. రసాల గంపలు మోసే ఆడవాళ్ల నడకే మారిపోయేది.

ఒక ఎండాకాలం తోటకెళితే నన్ను టేప్‌రికార్డర్ పక్కన కూర్చోబెట్టాడు.

"మాస్టారూ, మాటలు వదిలేయండి. కింద మోగుతోంది చూడండి, ఆ లావు తీగ. అదొక్కటే వినండి."

విన్నాను. పైన గొంతు ఒక దారిన పోతుంటే, కింద ఆ తీగ వేరే పాటేదో పాడుకుంటోంది. రెండూ విడిపోయాయి అనుకునేలోపు ఒక దెబ్బ దగ్గర వచ్చి కలిశాయి. అన్ని వాయిద్యాలు మోగుతున్నా ఏదీ ఇంకోదానికి అడ్డం రావట్లేదు. ఎవరో కూర్చుని, చెమటోడ్చి, ఎన్నోసార్లు చెరిపి కట్టిన పాట అది. నాకు తెలిసిపోయింది. పైకి మాత్రం "ఏముంది, మోత" అన్నాను.

తర్వాత ఆ క్యాసెట్ అడిగి తెచ్చుకున్నాను, పిల్లలకి చెత్త అంటే ఏంటో చూపిస్తానని చెప్పి. ఇంట్లో తలుపేసుకుని నెలల తరబడి విన్నాకే తిరిగిచ్చాను. క్లాసులో మాత్రం వెక్కిరింత మానలేదు. ఎందుకు మానలేదు? ఇష్టమని చెబితే నా పెద్దరికం ఎక్కడ పోతుందోనని. అంతే.

ఆ ఏడు క్రిస్మస్‌కి సుధాకర్ సొంతంగా ఒక పాట కట్టాడు. గిటార్ మీద డిస్కో నడక, దాని మీద తేట తెలుగు మాటలు. రెండో చరణానికి మందిరమంతా చప్పట్లు కొడుతోంది. ఎన్నడూ గొంతెత్తని ఒక ముసలావిడ ఇంటికెళ్తూ దారంతా అదే పాడుకుంటూ వెళ్లింది. పదేళ్లుగా నేను కట్టిన వరసలు ఒక్కటీ చర్చి గుమ్మం దాటలేదు. హార్మోనియం మూసి తల ఎత్తేసరికి జనమంతా అతని చుట్టూ ఉన్నారు. అసూయ అని ఇప్పుడంటున్నాను. అప్పుడు దానికి భక్తి అని పేరు పెట్టుకున్నాను.

సంఘపెద్దల్లో ఒకాయన చెవిన వేశాను, ఆ వరస సినిమా పాటలా ఉందని. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇద్దరినీ వెనక గదిలోకి పిలిచారు. పాస్టర్ అయ్యగారు నన్నే అడిగారు.

"మాస్టారూ, సంగీతం తెలిసినవారు మీరు. ఇది సినిమా వరసేనా?"

"అవునండి."

సుధాకర్ నావైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు, తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది.

"ఏ పాటండి మాస్టారూ?"

నేను నెలల తరబడి విన్న ఆ పాట పేరే చెప్పాను. అతను లోపల్లోపల పాడుకుని చూశాడు. పెదాలు కదలడం కనిపించింది.

"పోలిక ఎక్కడండి?"

"పల్లవి ఎత్తుగడలోనే ఉంది. నీకు తెలియకుండా వచ్చేసి ఉంటుంది. రోజూ ఆ చెత్త వింటుంటే అదే వస్తుంది."

సుధాకర్ పాస్టర్ అయ్యగారి వైపు తిరిగాడు.

"అయితే తప్పు నాదేనండి," అన్నాడు. "కానీ ఆ పాటని చెత్త అనకండి మాస్టారూ. చాలా మంచి పాటండి అది."

తన తరఫున ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ పాట తరఫున మాట్లాడాడు. అది మంచి పాటని ఆ గదిలో అతని తర్వాత తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కనీసం ఆ మాటకైనా తలూపొచ్చు కదా? ఊపలేదు.

ఆ క్రిస్మస్ పాట మళ్లీ ఎవరూ పాడలేదు. గిటార్ తేవద్దని అతనికి ఎవరూ చెప్పలేదు, తనే తేవడం మానేశాడు. కొన్నాళ్లకి రెడ్డిగూడెం వైపు ఏదో నర్సరీలో పని దొరికి వెళ్లిపోయాడు. నా వరసలు మళ్లీ మొదలయ్యాయి.

పోయిన వేసవిలో విస్సన్నపేటలో కనిపించాడు. జుట్టు నెరిసింది. "మాస్టారూ!" అంటూ పరుగున వచ్చి చేయి పట్టుకున్నాడు, టీ కొట్టుకి తీసుకెళ్లాడు. ఇంకా పాటలు కడుతున్నావా అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"లేదండి. ఆరోజు మీరు చెప్పాక ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నానండి. పోలిక నాకు దొరకలేదు. కానీ మీ చెవి ముందు నా చెవెంత? తర్వాత ఏ వరస అనుకున్నా, ఇదీ ఎవరిదో అయి ఉంటుందిలే అనిపించేది. ఇంక వదిలేశానండి."

నిష్ఠూరంగా అనలేదు. ఎప్పుడో తగ్గిపోయిన జ్వరం గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఇన్నేళ్లూ నేను అబద్ధమాడానని అతనికి తెలుసనే అనుకున్నాను. ఎక్కడో ఉండి నన్ను తిట్టుకుంటూ ఉంటాడని, అదే నాకు శిక్షని సరిపెట్టుకున్నాను. అతను నన్ను నమ్మాడు. నమ్మి, తన చెవిని అనుమానించుకున్నాడు. ఇది నేను ఊహించలేదు. అప్పుడైనా చెప్పాలి. నోరు తెరిచాను. "ఈ ఏడు ఎండలు ఎక్కువగా ఉన్నాయి" అన్నాను. అతను బండెక్కి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా చర్చి కుర్రకారు ఫోన్లలో ఆ కాలం పాటలు పెట్టుకుని ఎగతాళి చేస్తుంటే, అవి ఎందుకు మంచివో నేను కూర్చోబెట్టి చెబుతున్నాను. కింద తీగ వినమంటున్నాను. మాస్టారిది ఎంత పెద్ద మనసో అని మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు కూడా అతనిదే, నేను తీసుకుంటున్నాను.

ఈ కాగితం అతనికి పంపుతానా? ధైర్యం వస్తుందో రాదో. పంపితే మాత్రం అతను కట్టకుండా వదిలేసిన వరసలు తిరిగొస్తాయా? క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు.

నిజం ఇది. ఆ రెండు పాటలకీ ఎక్కడా పోలిక లేదు. పల్లవిలో లేదు, చరణంలో లేదు. లేదని ఆ గదిలో నిలబడి ఉన్నప్పుడే నాకు తెలుసు. ఆ వరస సుధాకర్ సొంతం.

ఈ నాలుగు ముక్కలూ రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు.