పాచిక ఎలా పడినా పడవ ఒడ్డుకే

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం పూట, వలలు ఆరేసిన ఇసుకలోంచి మా పడవ బయల్దేరేది. నిజం పడవ కాదు... కథలో పడవ.

మా పెదమావయ్య సరుకు ఓడల్లో పనిచేసేవాడు. ఒకసారి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. ఓడ దిగిపోతూ ఎవరో విదేశీయుడు ఇచ్చేశాడట. అందులో ఓ ఇంగ్లీషు పుస్తకం, ఎన్నడూ చూడని ఆకారాల్లో పాచికలు... ఇరవై ముఖాల పాచికైతే రేగుపండంత ఉండేది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులు. ఏం చేస్తామో చెప్పి పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే పని అయినట్టు, ఒకటి పడితే కొంప మునిగినట్టు.

కథ చెప్పేది పెదమావయ్య కొడుకు అప్పలరాజు బావ. అప్పుడు పదో తరగతి. పుస్తకంలో సగం అతనికీ అర్థమయ్యేది కాదు. అర్థంకాని చోట సొంతంగా కల్పించేసేవాడు. అందులో కోటలూ గుహలూ ఉండేవి కాబోలు... మా పేటకి వచ్చేసరికి అంతా సముద్రమే. నేనూ తమ్ముడు ధనరాజూ చుక్కాని దగ్గర ఉండేవాళ్లం. వాడికి ఏమీ తెలీదు, అక్కనైన నన్ను అప్పా, అప్పా అంటూ ఊరికే అరిచేవాడు.

ఒకరోజు గాలి అదోలా ఉంది. నాన్నని మేం అయ్య అనేవాళ్లం. అయ్య తెల్లారకముందే చేపల వేటకి వెళ్లాడు, ఇంకా రాలేదు. కథలో మా పడవ సుడిలో పడింది. నేను పాచిక వేశాను... ఒకటి.

"ములిగిపోనాది" అన్నాడు బావ.

పక్కనే ఎండుచేపలు తిరగేస్తున్న నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఇంటి మనిషి నీటి మీద ఉండగా పడవ గురించి కీడు మాట అనకూడదు. నోరు జారితే, ఆ అన్నవాళ్లే మళ్లీ మాటతో దాన్ని ఒడ్డుకి తేవాలి. అంతవరకు దీపం పెట్టరు. నాయనమ్మ తిట్టలేదు... వచ్చి బావ ఎదురుగా కూర్చుని, ఒడ్డుకి తెమ్మంది. బావ మొండివాడు. పాచిక పడ్డాక మార్చకూడదని పుస్తకంలో ఉందన్నాడు.

"నీ పాచిక్కి సముద్రం గురించేటి తెలుసురా? నా కొడుకు నీటి మీదున్నాడు. ఒడ్డుకి తెచ్చీ" అంది నాయనమ్మ.

అప్పుడు బావ మొహంలో రంగు మారింది. పాచిక పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు... పడవ పైకి తేలిందనీ, అల నెట్టిందనీ, గాలి ఇటు మళ్లిందనీ. నాయనమ్మ ఒక్కో మాటకీ ఊఁ కొడుతూ, పడవ అడుక్కి ఇసుక తగిలేదాకా వదల్లేదు. అయ్య చీకటి పడ్డాక వచ్చాడు. అందాకా నాకు ముద్ద దిగలేదు... పాచిక వేసిన చెయ్యి నాదే కదా!

ఆ తర్వాత ఎన్నిసార్లు ఒకటి పడినా మా పడవ మునగలేదు. కొన్నాళ్లకి బావ ఓడల్లో పనికి వెళ్లాడు. నేను పెళ్లయి విజయనగరం వచ్చాను. ఆట ఆగిపోయింది.

స్మార్ట్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చాక, మొన్నామధ్య బావ ఫోన్ చేశాడు. ఇప్పుడు చెన్నైలో ఉంటున్నాడు. మన ఆటని ఆన్‌లైన్‌లో ఆడుతున్నారట, తనూ చాన్నాళ్లుగా ఆడుతున్నాడట, పాచిక కూడా తెర మీదే దొర్లుతుందట, రమ్మన్నాడు. కథ చెప్పేది హైదరాబాదు కుర్రాడు కిరణ్. ఇంకో ఆటగత్తె పద్మ. నా యాస విని నవ్వుతారేమోనని హడలిపోతూ ఆదివారం మధ్యాహ్నం చేరాను. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి మళ్లీ ఆ ఇసుకలో కూర్చున్నట్టే ఉంది...

కథ సముద్రం మీదకి మళ్లింది. అక్కడ ఊళ్లో తమ్ముడు ధనరాజు ముందురోజే వేటకి వెళ్లాడు, ఇంకా రాలేదు. టీవీలో అల్పపీడనం కబురు వస్తోంది. నా వంతు వచ్చింది. వేస్తే... ఒకటి. పడవ మునిగిపోయిందని కిరణ్ హుషారుగా చెప్పాడు. ఒడ్డుకి తెమ్మని అడిగేలోపే ఇక్కడ కరెంటు పోయింది, వెనకాలే సిగ్నలూ పోయింది. మా పడవ నీటి అడుగునే ఉండిపోయింది.

నవ్వుకోండి... నేను బళ్లో పిల్లలకి సైన్సు చెప్పే టీచర్ని. అయినా సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. నేనే తెద్దామంటే ఆ మాట అన్నది నేను కాదు. అన్నవాడి నంబరు కూడా నా దగ్గర లేదు. మా ఆయన ఎందుకలా ఉన్నావంటే చెప్పడానికి సిగ్గు. వాన పెరుగుతోంది. సాయంత్రమైనా దీపం పెట్టలేదు.

సిగ్నల్ రాగానే మోగింది బావ ఫోనే. "నువ్వెళ్లిపోయేక కిరణ్ని కదలనియ్యలేదు, నూకాలూ. మీ నాయనమ్మ లాగే కూకున్నాను. ఇసక తగిలిందాకా సెప్పించినాను" అన్నాడు. దీపం పెట్టి ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ధనరాజు చేశాడు. వేరే రేవులో ఒడ్డెక్కారట. "ఏటప్పా, ఏడుస్తన్నావేటి?" అన్నాడు. లేదురా అన్నాను.

మళ్లీ ఆదివారం ఆటకి వెళ్లాలంటే భయమే. బావ బతిమాలితే చేరాను. కిరణ్ వెంటనే మొదలుపెట్టలేదు. ముందు అందరినీ ఒకటే అడిగాడు... "ఇవాళ మీవాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారు?" నేను తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడన్నాను. పద్మేమో, వాళ్ల నాన్న వారం నుంచి ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పింది. అన్నాళ్లుగా ఆమెతో ఆడుతున్న బావకి కూడా తెలీదు. ఆ రోజు మా కథలో ఎవరికీ జ్వరం కూడా రాలేదు.

మా చిన్నప్పుడు ఇలా అడగాల్సిన పనే ఉండేది కాదు. ఎవరి అయ్య నీటి మీద ఉన్నాడో పేటంతటికీ తెలిసేది... ఇప్పుడు అడిగితే గాని తెలియట్లేదు.

అందుకే అడుగుతున్నాను... ఈపూట మీవాళ్లు ఎక్కడున్నారు?