ఐసాయన స్వెట్టర్లు

ఎండాకాలంలో ఫ్యాను లేకుండా నిద్రపోగలిగిన మనిషి వీధి మొత్తం మీద ఐసాయన ఒక్కడే. ఐసు ఫ్యాక్టరీలో పని కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు. సాయంత్రం ఇంటికొచ్చి, పొయ్యిలా కాలే ముందుగదిలో గోడకి చేరగిలబడి, "అబ్బ, ఇల్లెంత చల్లగా ఉందో" అనేవాడు. పగలంతా మంచులో ఉండి ఒంటినిండా చలువ నింపుకొచ్చాడు, మనకేం తెలుస్తుంది ఆ సుఖం అని ఇరుగుపొరుగు ఏడ్చుకునేవారు. పక్కింటావిడైతే చెమటకాయలు పేలిన పిల్లల్ని తెచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టి వెళ్ళేది, కాస్త చల్లదనం అంటుతుందని. ఆయన కాదనేవాడు కాదు.

భార్య మాత్రం ఆ మాట వింటే దిగులుపడేది. ఇంత ఉక్కలో చల్లగా ఉందంటున్నాడంటే చలికి ఒళ్ళు మొద్దుబారిపోయిందనే కదా. పెళ్ళయిన కొత్తలోనే అల్లిక నేర్చుకుని, ఓ స్వెట్టరు అల్లి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఏదో చెప్పబోయి, మింగేసి, మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏటా ఒకటి. పాతవి ఏమయ్యాయంటే పనిలో చిరిగిపోయాయనేవాడు. చొక్కా తడిసి వస్తే, ఎండన పడి సైకిలు తొక్కాడు పాపం అనుకునేది.

ఒక తెల్లవారుజామున పాలకని లేచిన మనిషి గుమ్మంలోనే కూలబడి, మళ్ళీ లేవలేదు.

వచ్చిన చుట్టాలు మంచి మనసుతోనే ఇల్లంతా కడిగారు. ఆయన బట్టలు ఉతికి పంచిపెట్టారు. దుప్పట్లు, గలీబులు కూడా ఉతికేశారు. అందరూ వెళ్ళాక ఆమె అలమరలో మొహం పెట్టి వెతుక్కుంది. ఎక్కడ చూసినా సబ్బు వాసనే, ఆయన వాసన ఇంట్లో ఎక్కడా మిగల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, కిందటేడు అల్లిన ముదురెరుపు స్వెట్టరు ఫ్యాక్టరీలోనే ఉండి ఉంటుందని. దాన్ని ఎవరూ ఉతికి ఉండరు. అదొక్కటి దొరికితే చాలనుకుంది.

ఆడపడుచుని తోడు తీసుకుని బయల్దేరింది. జలుబు చేస్తుందని ఆడపడుచు పట్టుబట్టి ఇద్దరికీ శాలువాలు తెచ్చింది.

ఫోర్‌మన్ పెద్దవాడు. నెమ్మదిగా పలకరించి, ఆయన పనిచేసిన చోటు చూపిస్తానని వెనకవైపు తీసుకెళ్ళి తలుపు తీశాడు. వేడి ఆమె మొహం మీద చరిచినట్టయింది. ఊపిరాడలేదు. గదినిండా మిషన్ల మోత, చేయి ఆనించలేని గొట్టాలు, గోడల మీద చెమ్మ. అక్కడ నిలబడ్డ మనిషి నడుముపైన నూలుపోగు లేకుండా చెమటలు కక్కుతున్నాడు.

ఆడపడుచు శాలువా తీసి చంకలో పెట్టుకుంది. "ఏంటొదినా, వీళ్ళు ఐసుని వండుతున్నారా?"

ఫోర్‌మన్ నవ్వలేదు. "చలిని ఎవరూ తయారుచెయ్యలేరమ్మా. లోపలున్న వేడిని లాగి ఇవతల పారేస్తాం. పారేసే చోట ఒకడు నిలబడాలి కదా. ఇన్నేళ్ళూ మీ ఆయన నిలబడ్డాడు."

ఆమె తలుపు పట్టుకుంది. "మరి స్వెట్టరు?" అంది.

ఇక్కడ బనీనే నిలవదు, స్వెట్టరు ఎవరేసుకుంటారని అనబోయి ఫోర్‌మన్ తల దించుకున్నాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఐసాయన మూడు సూత్రాలు చెప్పేవాడట. వేడిని చంపలేం, పక్కింటికి తోలగలం, అంతే. తోలేటప్పుడు దారి ఖర్చు కింద ఇంకాస్త వేడి పుడుతుంది. మూడోది, ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పకూడదు. మొదటి స్వెట్టరు ఇచ్చిన రోజు ఆమె మొహం చూసి నోరు పెగల్లేదట.

"మా అన్నయ్యకి నోరెక్కడిదిలే" అంది ఆడపడుచు. "చిన్నప్పుడు చెప్పులు కరిచి బొబ్బలెక్కినా బాగున్నాయనే చెప్పేవాడు."

తర్వాత ఫోర్‌మన్ వాళ్ళని ఐసు దిమ్మలు దాచే చలిగదికి తీసుకెళ్ళాడు. అక్కడ దిమ్మలు లాగుతున్న వాళ్ళందరి ఒంటిమీదా ఆమె చేతి అల్లికే. జ్వరంలో అల్లితే మెడ దగ్గర అల్లిక తప్పిన నీలంది ఒకరి మీద. ఊలు చాలక చేతులు పొట్టివైన ఆకుపచ్చది ఇంకొకరి మీద. ఇన్నేళ్ళూ తనని వెర్రిదాన్ని చేశాడని మండిపడాలో, ఈ మనుషుల్ని చూసి నవ్వాలో ఆమెకి తెలియలేదు.

సంగతి తెలిసి, ముదురెరుపు స్వెట్టరు మనిషి దాన్ని తలమీంచి లాగి రెండు చేతులా అందించాడు. ఆమె మొహానికి ఆనించుకుంది. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం, ఆ చెమట వాసన, అన్నీ అతనివే. ఆయనది ఇసుమంతైనా లేదు. చూస్తుండగానే ఊలు ఆమె చేతుల్లో చల్లబడిపోయింది. అతని చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"తొడుక్కో బాబూ" అని తిరిగిచ్చేసింది.

వెనక్కి నడిచి మళ్ళీ ఆ వేడిగదిలోకి వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు, మిషన్ పక్కన ఆయన నిలబడే చోటికే వెళ్ళింది. నిమిషంలో రవిక తడిసి వీపుకి అంటుకుపోయింది.

"ఆయన చెమట దేంతో తుడుచుకునేవారు?" అని అడిగింది.

ఫోర్‌మన్ మొహమాటపడ్డాడు. గొట్టాల వెనక మేకుకి ఓ గుడ్డ వేలాడుతోంది. ఉప్పు పేరుకుని అట్టలా బిరుసెక్కి, అంచులు నూనెతో నల్లబడి ఉంది. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్నాడు.

"ఛీ, వదినా, అది మసిగుడ్డ" అంది ఆడపడుచు.

ఆమె వినిపించుకోలేదు. మేకు నుంచి తీసి, రెండు చేతులా పట్టుకుని, మొహం దాచుకుంది.