ముగ్గులో ఖాళీ వాటా

నాంపల్లిలో శేషారత్నం నోటికి భయపడనివాడు ఆమె భర్త బుచ్చిబాబు ఒక్కడే. ఆయనకు చెవుడు. పందొమ్మిదివందల డెబ్బయ్యొకటిలో వాళ్ళ ముందు వాటా ఖాళీ అయింది. ఆయన పింఛను పాలకూ మందులకూ చాలదు. సంసారం నడిచేది ఆ అద్దె మీదే. పొయ్యి ఎలా వెలుగుతుందా అని ఆమెకు దిగులు పట్టుకుంది.

అబిడ్స్‌లో టీ హోటల్ దగ్గర చేరే దళారులంతా ఒక్కమాట మీద ఉన్నారు. ఏ ఇల్లు ఖాళీ అయినా తమకే చెప్పాలి, తామే మనిషిని తేవాలి, ఇరువైపుల నుంచీ నెల అద్దె దండుకోవాలి. శేషారత్నం ససేమిరా అని, ‘ఇల్లు అద్దెకివ్వబడును’ అన్న అట్టను గుమ్మానికి మేకులతో కొట్టించింది. తెల్లారేసరికి అట్ట లేదు. ఇంకోటి కొట్టించింది. అదీ పోయింది.

దళారుల పెద్ద మల్లయ్య పరామర్శకు వచ్చాడు.

"గాలికి వోయినట్టుందమ్మా. ఫికర్ జేయకున్రి, మాకు జెప్పున్రి."

"గాలికి మేకులు పీకడం కూడా తెలుసా నాయనా?"

మర్నాడు ఆమె కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి, పద్మం చుట్టూ ముగ్గుపిండితో రాసింది: వాటా ఖాళీ, లోపల అడగండి. మల్లయ్య వచ్చి చూసి ఆగిపోయాడు. అట్ట పీకొచ్చు గానీ, ఇల్లాలు గడపలో పెట్టిన ముగ్గు తొక్కి ఇంటికెళ్తే వాడి భార్య పూలమ్మ అన్నం పెట్టదు. "గిదేం పనమ్మా" అని గొణుక్కుంటూ పక్కనుంచి పోయాడు.

ఆ వేళే తాతారావు అనే ఆఫీసరు ముగ్గులో రాత చదివి తలుపు తట్టాడు. దళారుల కట్టుబాటు మీద విచారణకు సర్కారు పంపిన మనిషి. అది తెలిసి ఒక్క దళారీ ఇల్లు చూపక, స్టేషనెదుట లాడ్జిలో నల్లులతో కాపురం చేస్తున్నాడు. సాయంత్రానికి సామాను దిగింది. శేషారత్నం వంటింట్లోకి వెళ్ళి సంతోషంతో కాసేపు ఏడ్చింది.

తర్వాత వీధిలో ఆడవాళ్ళంతా ఆమె గుమ్మం పట్టారు. ఎవరింట వాటా ఖాళీ అయినా ఆమే ముగ్గు వేసి రాసేది. ఊరికే కాదు, ఇంటికో కుంచెడు బియ్యం. టీ హోటల్లో దళారులు ఈగలు తోలుకుంటున్నారు.

ఒకరోజు తాతారావు కాగితాలు పట్టుకొచ్చాడు.

"పిన్నిగారూ, దళారుల మీద సాక్ష్యం చెప్పండి. ఇప్పుడిక ఎవరి వాటా వాళ్ళే ఇచ్చుకుంటున్నారుగా?"

"ఆ, ఇచ్చుకుంటున్నారు. ఎదురింటి ప్రభావతి ఒక్కతే, నాకు మాటైనా చెప్పకుండా తన ముగ్గు తనే రాసేసుకుంది."

"మరేం చేశారు?"

"ఏం చేస్తాను? తెల్లారకముందే వెళ్ళి దాని మీద బిందెడు నీళ్ళు కొట్టొచ్చాను."

తాతారావు కలం మూత తీసి, ముందు ఎవరి పేరు రాయాలో తోచక అలాగే కూర్చున్నాడు.