పిడికెడు పిడికెడుగా ఎండ

పోయిన సోమవారం మా పెద్దమ్మ చనిపోయింది. పొద్దున మొక్కలన్నిటికీ నీళ్లు పోయించి, "రవ్వంతసేపు పండుకుంటా" అని పోయి పడుకుందట. ఎవరికీ ఒక్క పనీ మిగల్చకుండా పోయిందని నాయన ఫోన్లో ఏడ్చాడు. చదివేవారు మన్నించాలి, నేను ఏడుస్తూనే నవ్వాను. ఆమెను తలుచుకుంటే ముందు వచ్చేది నవ్వే.

ముదిగుబ్బ దగ్గర ఆమెకు మామిడి అంటుమొక్కల నర్సరీ ఉండేది. మొక్కలు కందికట్టెల పందిరి కింద పెరిగేవి. అమ్మే కాలం దగ్గరపడితే, రోజూ పందిరి మీదినుంచి పిడికెడు కట్టెలు లాగేసేది. నెల తిరిగేసరికి గుంజలే మిగిలేవి. పైకప్పు పోయిన సంగతి మొక్కలకు తెలిసేదే కాదు. లాగిన కట్టెలతో పొయ్యి వెలిగించేది. ఆ మంటకు కాగినంతే ఇంటిల్లిపాదికీ కాఫీ. రెండో గ్లాసు అడిగితే, "రేపటి ఎండ ఈ పొద్దే అడగొద్దప్పా" అనేది.

తొంభైల చివర్లో, డిగ్రీ రెండో ఏడాది సెలవులకు వెళ్లాను. చదివేది బోటనీ. మొక్కకు వెలుతురే తిండి అని పుస్తకం చెబితే నమ్మిన పుణ్యాత్ముణ్ణి. నల్లమాడ రైతొకాయన రెండు వందల అంట్లు కావాలని చెప్పి, గుంతలు తవ్వించుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ కదిరికి పెళ్లికి పోయిన రెండు రోజుల్లో, మొక్కలకు కడుపునిండా పెడదామని పందిరి మొత్తం పీకేశాను. మర్నాటికి ఆకులు అప్పడాల్లా మాడాయి.

"ఏం చేసినావప్పా ఇది?" అంది వస్తూనే.

"ఫోటోసింథసిస్ పెద్దమ్మా."

"వాడెవడో గానీ, నా మొక్కలు కాల్చినాడు."

రైతు వచ్చి, చూసి, గట్టు మీద కూలబడ్డాడు. "అమ్మా, ఈ ఏడు చెనక్కాయ గూడా ఎయ్యలేదే. దీన్నే నమ్ముకుంటినే."

పెద్దమ్మ గోటితో ఒక కాండం గీకి పచ్చదనం చూపించింది. "నెల దినాలు నాకు ఇడ్సిపెట్టన్నా. ఈ ఆకు నీడలో పుట్టింది, పోతే పోనీ. ఎండను చూస్తా పుట్టే ఆకు ఎండకు బెదరదు."

పీకిన కట్టెల్లో సగం మళ్లీ నాతోనే పరిపించింది. మాడిన ఆకులు తుంచబోతే చేతిమీద ఒకటి వేసింది. "మాడినా గొడుగే గదా, ఉండనీ." ఆ రోజునుంచి పిడికెడు లాగే ఉద్యోగం నాది. ఎక్కువ లాగానేమోనని రోజూ నా పిడికిలి విప్పి చూసేది. నా డిగ్రీ పరీక్షలు కూడా అంత కట్టుదిట్టంగా జరగలేదు.

మూడు వారాలకు ఎర్రటి చిగుళ్లు వేశాయి. ముదిరాక ఆ ఆకులు పాతవాటికంటే చిన్నగా, మందంగా, ఎవరిమాటా విననట్టు ఉన్నాయి. రైతు ఒకటి నలిపి చూసి, "తోలు మాదిరి ఉండాదే" అని అన్నాళ్లకు నవ్వాడు. కొన్ని మొక్కలు చచ్చిపోయాయి. వాటి బదులు పెద్దమ్మ తన చేనికని దాచుకున్నవి బండికెత్తించింది. నన్ను ఒక్క మాట అనలేదు. వారం పాటు నన్ను "సైంటిస్టూ" అని మాత్రం పిలిచింది.

ఆమెను చివరిసారి చూసింది ఆ రైతు తోటలోనే, మొన్నటి వేసవిలో. కాపు చూడటానికి పిలిస్తే వెళ్లి, తిని, చెట్టు కింద మంచం మీద నిద్రపోయింది. పొద్దు వాలేకొద్దీ నీడ జరిగిపోతోంది. రైతు తలవైపు, నేను కాళ్లవైపు పట్టుకుని, ఆమెకు మెలకువ రాకుండా మంచాన్ని జానెడు జానెడుగా తూర్పుకు జరుపుతూ పోయాం.